సర్పగంధి మీద నీలాపనింద

తాడిమర్రి వైపు మనసు బాగలేని మనిషిని చూసి ముందు 'దిగులు' అంటారు. నాలుగు నెలలైనా తగ్గకపోతే 'గాలి సోకింది' అంటారు. అంత్రాలు, తాయెత్తులు అయిపోయాక, ఇంట్లో చదువుకున్న పిల్లవాడెవడైనా పట్టుబడితే ధర్మవరానికో అనంతపురానికో బస్సెక్కుతారు. అక్కడి డాక్టరు ఓపికున్నవాడైతే రెండు ముక్కలు విడమరచి చెబుతాడు: "మెదడులో సెరటోనిన్ అని ఒకటుంటుందయ్యా. అది తగ్గింది. ఈ మాత్ర దాన్ని పెంచుతుంది." వరసగా శెనక్కాయ ఎండిపోయినవాడికీ, మగ్గం మీద అప్పు పెరిగిపోయినవాడికీ ఆ మాట పెద్ద ఊరట. తప్పు తనది కాదు, ఒంట్లో ఏదో తగ్గింది, అంతే కదా!

ఆ మాట పుట్టిల్లు వెతుక్కుంటూ వెనక్కి నడిస్తే న్యూయార్కు, లండన్, బాసెల్ అన్నీ దాటి, చివరికి మన దేశపు తేమ అడవిలో ఒక మోకాలెత్తు మొక్క దగ్గర ఆగుతాం. అదే సర్పగంధి. పాము మెలికల్లాంటి వేరు, నోట పెడితే విపరీతమైన చేదు. తాడిమర్రి ఎర్రనేల దానికి సరిపడదు. అయినా దాని కథ ఈ ఊరి మాత్రల చీటీలో ఉంది.

బీహారు పల్లెల్లో ఆ వేరుకు 'పిచ్చికి మందు' అనే పేరుండేది. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాన్ని ఉన్మాదానికీ రక్తపోటుకూ వాడి చూసి, ఫలితాలు అచ్చు వేయించారు. అదే ఏడు ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ వేరులోంచి సారం తీసి, తన గురుతుల్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరుమీద 'అజ్మలీన్' అని పిలుచుకున్నాడు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రక్తపోటు రోగుల మీద దాని గుణం చూపిస్తూ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాడు. అప్పుడుగానీ సీమదొరలకు మెలకువ రాలేదు. మూడేళ్ళు తిరిగేసరికి, 1952లో, బాసెల్‌లోని సీబా కంపెనీ ఆ వేరు ప్రాణాన్ని తెల్లటి పొడిగా విడదీసింది. దాని పేరు రిసర్పిన్.

ఆ తర్వాతి రెండు మూడేళ్ళు సర్పగంధికి పట్టాభిషేకమే. న్యూయార్కు దగ్గర రాక్‌లాండ్ ఆసుపత్రిలో నేథన్ క్లైన్ అనే డాక్టరు ఏళ్ళ తరబడి గదుల్లో బంధించి ఉంచిన రోగులకు దీన్ని ఇచ్చి చూశాడు. అరుపులు తగ్గాయి. ఆసుపత్రి కిటికీలకు అద్దాలు బిగించే పనివాడికి పని తగ్గిపోయిందని ఒక కథ చెప్పుకుంటారు. నాకు ఆ కథ ఇష్టం. లెక్కల పట్టికల కంటే పగలని అద్దమే బాగా సాక్ష్యం చెబుతుంది. 'ట్రాంక్విలైజర్' అన్న మాట జనం నోట పడింది కూడా ఈ మందుతోనే. 1957లో వకీల్‌కూ క్లైన్‌కూ లాస్కర్ బహుమతి వచ్చింది.

కానీ అప్పటికే నింద మొదలైంది. 1954లో వాషింగ్టన్ డాక్టరు ఎడ్వర్డ్ ఫ్రైస్ ఒక చిన్న నివేదిక రాశాడు. రక్తపోటుకని రిసర్పిన్ పెద్ద మోతాదులో చాలాకాలం వాడినవారిలో ఐదుగురు తీవ్రమైన దిగులులో పడ్డారని అందులోని సారాంశం. ఐదుగురంటే ఐదుగురు. పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్ర మింగిన జట్టు ఏదీ లేదు. మందు వాడకముందు వాళ్ళ మనసులు ఎలా ఉండేవో నిలబెట్టి అడిగే పద్ధతీ లేదు. తర్వాత మరికొందరు అలాంటివే రాశారు. పుకారుకు కాళ్ళొచ్చాయి.

సరిగ్గా మరుసటి ఏడే, 1955లో, లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో డేవిస్, షెపర్డ్ అనే ఇద్దరు ఆందోళనా దిగులూ ఉన్న రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రిసర్పిన్, రెండోదానికి ఉత్తుత్తి మాత్ర. ఎవరిది ఏ జట్టో చీటీ తీసినట్టు నిర్ణయించారు. రిసర్పిన్ తీసుకున్నవారే మెరుగయ్యారు! దిగులు తెప్పిస్తుందన్న మందు దిగులును తగ్గించింది. లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది కూడా. ఎవరూ పట్టించుకోలేదు. మనోవ్యాధి మందుల మీద జరిగిన తొలి క్రమబద్ధ పరీక్షల్లో అదొకటి. దాన్ని అలా తుమ్మి ఊరుకున్నట్టు వదిలేశారంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఎందుకు వదిలేశారంటే, అవతలి కథ మరీ అందంగా కుదిరింది. అదే 1955లో అమెరికాలో బ్రోడీ బృందం కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చింది. అవి రెప్పలు వాలేసి, మూల ఒదిగి కూర్చున్నాయి. కోసి చూస్తే సెరటోనిన్ నిల్వలు ఖాళీ. రిసర్పిన్ సెరటోనిన్‌ను తోడేస్తుంది, రిసర్పిన్ దిగులు తెస్తుంది, కాబట్టి దిగులంటే సెరటోనిన్ కరువు. మూడు ముడులు. రెండో ముడి ఆ ఐదుగురి మీద వేసింది. 1960లలో దాని మీదే సిద్ధాంతాలు లేచాయి. 1987 చివర సెరటోనిన్ పెంచే దిగులు మందు ప్రోజాక్‌కు అమెరికా అనుమతి దొరికింది. 2001 ఆగస్టులో దాని పేటెంటు తీరగానే 40 మిల్లీగ్రాముల గొట్టం మాత్రను అక్కడ అమ్మే హక్కు మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్‌కు దక్కింది. సర్పగంధి మాత్రం ఆ మేడ పునాదిలో దోషిగానే పడి ఉంది.

వినాయక చవితినాడు ఇంటింటా శమంతకమణి కథ చదువుకుని అక్షింతలు నెత్తిన వేసుకుంటాం. నింద పడ్డ కృష్ణుడు అడుగుజాడలు పట్టి అడవికి పోయి, గుహలో జాంబవంతుడితో పోరాడి మణి తెచ్చి చూపించాడు. వేరుకు కాళ్ళు లేవు.

దెబ్బ మీద దెబ్బ. 1974లో రిసర్పిన్ వాడే ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ వస్తుందని లాన్సెట్‌లో ఒకేసారి మూడు వ్యాసాలు వచ్చాయి. తర్వాతి పరిశోధనల్లో ఆ అనుమానం నిలవలేదు, కానీ డాక్టర్ల చేయి అప్పటికే వెనక్కి పోయింది. మన ఊళ్ళలో అడెల్ఫేన్ పేరుతో రక్తపోటు మాత్రగా కొన్నాళ్ళు బతికింది. అడవిలో అంతకంటే అన్యాయం. వేరు కావాలంటే మొక్కంతా పెరకాలి. కొమ్మ తుంచుకుని చెట్టును వదిలేసే వీల్లేదు. తవ్వి తవ్వి, చివరికి 1990లో అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ జాబితాలోకి దాన్ని ఎక్కించాల్సి వచ్చింది.

దాన్ని నెత్తిన పెట్టుకున్న క్లైన్ చివరా అలాగే ముగిసింది. రిసర్పిన్ తర్వాత అతను ఇప్రోనియాజిడ్ పట్టుకున్నాడు. క్షయ మందుగా పుట్టి, దిగులుకు తొలి మందుగా పేరు తెచ్చుకున్నది అది. కామెర్లు తెస్తోందని 1961లో అమెరికా అంగళ్ళలోంచి పోయింది. రెండోసారి లాస్కర్ అందుకున్న ఆ మనిషే, తగిన అనుమతుల్లేకుండా రోగుల మీద ఎండార్ఫిన్ అనే మెదడు రసాయనాన్ని ప్రయోగించాడన్న ఆరోపణతో, 1982లో ఇక అలాంటి ప్రయోగాలు చేయనని కోర్టు ఉత్తర్వుకు తలొగ్గాడు. మరుసటి ఏడు కన్నుమూశాడు.

2022లో జోవానా మాంక్రీఫ్ బృందం ఏళ్ళ తరబడి జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, దిగులుకు సెరటోనిన్ తక్కువ కావడమే కారణమనేందుకు నికరమైన ఆధారం లేదని రాసింది. పెద్ద గోల లేచింది. మాత్రలు పనిచేయవని మాత్రం దీని అర్థం కాదు. 2018లో చిప్రియానీ బృందం 522 పరీక్షలు పోగేసి చూస్తే 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలింది. మందు నిజం. అది పనిచేసే తీరుకు చెప్పుకున్న కథే కదిలిపోయింది. ఆ వెనకే రిసర్పిన్ పాత పరీక్షలనూ మళ్ళీ తిరగేశారు. కొన్నింట్లో దిగులు పెరిగింది, కొన్నింట్లో తగ్గింది, నేరం రుజువు కాలేదు. దాదాపు 70 ఏళ్ళ తర్వాత వచ్చిన తీర్పు. వినడానికి ముద్దాయి మన ఊళ్ళలో దాదాపు వాడకంలోనే లేదు.

ధర్మవరం నుంచి సాయంత్రం బస్సు తాడిమర్రిలో ఆగుతుంది. ఒకాయన దిగుతాడు, చొక్కా జేబులో మాత్రల అట్ట.

"ఏమన్నాడు మామా డాక్టరు?"

"తలకాయలో ఏందో తగ్గిందంటరా."