సంబా కోవెల గోడ

తెలుగు ఛందస్సు చదువుకున్నవాళ్ళకి 'ఆనందరంగరాట్ఛందం' పేరు తెలిసే ఉంటుంది. కస్తూరి రంగకవి దాన్ని అంకితమిచ్చిన ఆనందరంగ పిళ్ళై ఎవరో మాత్రం క్లాసులో ఎవరూ పెద్దగా చెప్పరు. కృతిభర్త, ధనవంతుడు, అంతే. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీ ఆయన. 1736 నించి పాతికేళ్ళపాటు తమిళంలో దినచర్య రాశాడు. సరుకుల బేరాలు, యుద్ధాలు, కొలువులో గుసగుసలు అన్నీ అందులో ఉన్నాయి. ఒక చర్చి కూడా ఉంది. రెడ్డిగూడెం నించి నేను పుదుచ్చేరి వెళ్ళింది ఆ చర్చి కోసమే.

మిషన్ వీధి ఊరి నడిబొడ్డు. బట్టల కొట్లు, ఆటోలు, హారన్లు. వాటి మధ్య నిష్కళంక మాత పేరున్న పెద్ద గుడి. జనం దాన్ని సంబా కోవెల అంటారు. 'సావో పావులో' అనే పోర్చుగీసు మాట, అంటే సెయింట్ పాల్, తమిళ నోళ్ళలో అలా నలిగింది. జంట స్తంభాల వరసలు కింద ఒకటి, పైన ఒకటి, రెండు పక్కలా బురుజులు. పారిస్‌లోని వాల్-ద-గ్రాస్ అనే బరోక్ చర్చిని పోలి ఉంటుందని చెబుతారు. ఆ పారిస్ చర్చి కథ తెలిస్తే నాకు నవ్వొచ్చింది, బాధా కలిగింది. పెళ్ళయిన 23 ఏళ్ళకి, 1638లో, రాణి ఆన్ కొడుకుని కన్నది. ఆ మొక్కు చెల్లించుకోవటానికి కట్టించింది దాన్ని. ఫ్రాన్సు రాణి అయినా మగపిల్లవాణ్ణి కనేదాకా బతుకు బతుకు కాదు!

ఇప్పుడు మనకి కనిపించే కట్టడం 1770లో మొదలై 1791కి పూర్తయింది. పిళ్ళై ఎరిగిన చర్చి అంతకు ముందుది. జెస్యూట్‌లది. దాని లోపల ఒక గోడ ఉండేది. పరయ క్రైస్తవులు గోడకి అవతల, సవర్ణ క్రైస్తవులు ఇవతల. ఒకే బలిపీఠం, ఒకే ప్రార్థన, మధ్యలో ఇటుకలు. ఇది విని ఆశ్చర్యపడటానికి మనకేం హక్కు లేదు. మా కృష్ణా, గుంటూరు వైపు పల్లెల్లో ఫలానా పేట చర్చి అంటే చాలు, కులం వేరే చెప్పక్కర్లేదు. గోడ కట్టే ఖర్చు కూడా లేదు.

1745 అక్టోబరులో కారైకాల్ నించి వచ్చిన ఒక ఫాదరు ఈ గోడ చూసి, ఇదేమిటని పరయ క్రైస్తవుల్ని అడిగాడు. వాళ్ళు కలిసి వెళ్ళి పెద్ద ఫాదరుని నిలదీశారు. మేమూ మీ శిష్యులం కామా అన్నది వాళ్ళ ప్రశ్న సారాంశం. గోడ కూలింది. అందరూ కలిసి కూచున్నారు. పిళ్ళై క్రైస్తవుడు కాడు. వింత చూసినవాడిలా రాసుకుపోయాడు.

దాని వెంటనే ఇంకో సంగతి రాశాడు. చరిత్రకారులు గోడ దగ్గర ఆగినంతసేపు దీని దగ్గర ఆగరు. పలుకుబడిగల క్రైస్తవ కుటుంబంలోని ఒక యువతి సన్నని మస్లిన్ చీర కట్టుకుని, ఒంటినిండా నగలతో, అత్తరు పూసుకుని గుడికొచ్చింది. పెద్ద ఫాదరు ముక్కు మూసుకున్నాడు. చేతిలో బెత్తంతో ఆమె తలని పొడిచాడు. నువ్వు సంసారివా, ఆటకత్తెవా, నీ మొగుడికి సిగ్గులేదా అని అందరిముందూ అడిగి, లేచి ఇంటికి పొమ్మన్నాడు. ఇక మీదట ఆడవాళ్ళెవరూ సన్నని బట్టలు, ఆ తరహా నగలు వేసుకుని రాకూడదని ఆజ్ఞ. దాంతో సవర్ణ క్రైస్తవులు గుమిగూడారు, గొడవ గవర్నరు దాకా వెళ్ళింది. ఆ యువతి మాత్రం దినచర్యలో ఫలానావారి భార్య. అంతే.

నేను ఈ రెండు సంఘటనల్నీ విడదీసి చదవలేను. ఆ చీర, ఆ నగలు ఆమె సరదా ఒక్కటే కాదు, ఆమె ఇంటివాళ్ళ కులం, హోదా కూడా. ఇటుకల గోడ పోయాక తేడా చూపించటానికి మిగిలింది ఆడదాని ఒళ్ళే. కులాన్ని కూల్చాననుకున్న ఫాదరూ అక్కడికే చెయ్యి పెట్టాడు. ఆ చీర కట్టించిన మగవాళ్ళని బెత్తంతో పొడవలేదు. పైగా తిట్టటానికి ఆయనకి దొరికింది ఇంకో స్త్రీ, దేవాలయాల్లో ఆడిపాడే మనిషి. అలాగని అవమానపడిన ఆమె పక్షాన పూర్తిగా నిలబడటానికీ నాకు మనసొప్పదు. ఆ రోజుల్లోనే మొదటిసారి గోడ దాటి వచ్చిన పరయ స్త్రీలు ఎక్కడ కూచున్నారు? ఎవరు జరిగి చోటిచ్చారు, ఎవరు చీర కుచ్చెళ్ళు దగ్గరికి లాక్కున్నారు? పిళ్ళై కలం వాళ్ళవైపు తిరగలేదు. 2003లో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు మన స్త్రీవాదం ఎదుర్కొన్న ప్రశ్నే ఇది.

పేరున్న స్త్రీ ఒకతె మాత్రం ఆ దినచర్యలో పుష్కలంగా ఉంది. డూప్లే భార్య జాన్. పుదుచ్చేరిలోనే పుట్టింది, తమిళం వచ్చు. చర్చి పక్కనే వేదపురీశ్వరుడి గుడి ఉండేది. 1748 సెప్టెంబరులో, ఇంగ్లీషువాళ్ళు పట్టణాన్ని ముట్టడించి ఉండగా, దాన్ని పడగొట్టారు. పిళ్ళై కోపమంతా జాన్ మీదే. ఆమెకి మతపిచ్చి లేదని నేననను. కానీ ఆ గుడి తీసేయించాలని జెస్యూట్‌లు ఆమె పుట్టకముందు నించీ అడుగుతూనే ఉన్నారు. ఉత్తర్వులిచ్చింది గవర్నరు, ఆయన కౌన్సిలు. అయినా పుదుచ్చేరిలో ఇప్పటికీ ఈ కథ చెప్పేవాళ్ళు దొరసాని దగ్గరే మొదలుపెడతారు.

ఆ చర్చి కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. 1761 జనవరిలో పిళ్ళై చనిపోయాడు. కొద్ది రోజులకే పట్టణం ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది, ఆ ఏడే వాళ్ళు దాన్ని నేలమట్టం చేశారు. నేను లోపల తిరుగుతూ గోడ ఎక్కడ ఉండి ఉంటుందా అని వెతుక్కోవటానికి అర్థం లేదు, అయినా ఉత్తరం వైపు వెళ్ళి కాసేపు నించున్నాను.