కుట్టు పడవల కథ

పడవ పందెంలో తెడ్లు వేసేవాళ్ల వెంట ఒక లాంచీ పరుగెడుతుంది. అందులో శిక్షకుడో అంపైరో ఉంటాడు. దానికి వేగం ఉండాలి, కానీ అది లేపే అలకు పందెం పడవలు ఊగిపోకూడదు. ఇంగ్లండులో హెన్లీ పందేలకు ఈ చిక్కు విప్పినవాడు సామ్ సాండర్స్. 1898లో ఆయన కట్టిన ఆవిరి లాంచీ కాన్సూటా. పల్చటి మహాగని చెక్క నాలుగు పొరలు, నడుమ నీరు పట్టని నూలుగుడ్డ. అన్నిటినీ కలిపి రాగి తీగతో కుట్టేశాడు. తేలికైన ఆ ఒళ్లు థేమ్స్ నీటిని పెద్దగా కదిలించకుండానే దూసుకుపోయింది. అదే కుట్టు 1912లో సోప్‌విత్ వారి నీటి విమానం అడుగుభాగానికీ పనికొచ్చింది.

అయితే పడవను కుట్టడం మన శ్రీకూర్మం వైపు తీరానికి ఏనాటి నుంచో తెలిసిన విద్య. కడలి చిలికినప్పుడు కొండను మోసిన కూర్మనాథుడి ఊరది; సముద్రం దగ్గరే. పక్కనున్న కళింగపట్నంలోనూ, అటు భీమిలిలోనూ ఓడలు దూరంగా లంగరేసేవి. సరుకు ఒడ్డు చేరాలంటే విరిగిపడే కెరటాలు దాటాలి. మేకులు కొట్టిన బిర్రు పడవ ఇసుకకు కొట్టుకుంటే పలక చీలిపోతుంది. ఈ తీరపు కుట్టు పడవ పేరు మసూలా. దానికి మేకుల్లేవు. పలకల అంచుల్లో బెజ్జాలు వేసి, అతుకు మీద పీచు గానీ గడ్డి గానీ వత్తి, కొబ్బరి తాడుతో బిగించి కుట్టేవారు. కెరటం ఎత్తి పడేసినా పడవ ఒళ్లంతా కాస్త సాగి, మళ్లీ సర్దుకునేది. మద్రాసుకు రేవు కట్టకముందు ఓడ ప్రయాణికులు ఒడ్డెక్కింది వీటిలోనే. ఈ కుట్టును మోటు పని అనుకోవడం అన్యాయం.

మరమ్మతు ఈ పడవ బతుకులో భాగం. ఉప్పునీటికి తాడు చివికితే కుట్లు కోసి, పలకలు విడదీసి, చెడినదాన్ని మార్చి, కొత్త తాడు ఎక్కించేవారు. కాన్సూటా కూడా పాతబడింది. అభిమానులు ట్రస్టు పెట్టి, బాగుచేయించి, 2001లో మళ్లీ నీట దించారు.

ఇప్పుడు మన ఒడ్డున ఫైబర్ తెప్పలు, ఇంజన్లు. మత్స్యకారుల కష్టం తగ్గింది, అది మంచిదే. అయినా కళింగపట్నం దీపస్తంభం దగ్గర పాక వేసి ఒక కుట్టు పడవను నిలపాలి. చూసిపోయే బొమ్మలా కాదు, కెరటాల్లోకి దిగగలిగేలా. పలకలూ తాడూ కొంటే దొరుకుతాయి. కుట్టు ఎంత బిగించాలో, ఎక్కడ వదులు ఉంచాలో తెలిసిన పెద్దవాళ్లను పిలిచి, కుర్రాళ్ల పక్కన కూర్చోబెట్టడం ముందు జరగాలి.