గ్రామ లాంఛనము

స్విట్జర్లాండు దేశమున ప్రతి గ్రామ సంఘమునకును డాలుపై చిత్రించిన లాంఛనమొకటి కలదు. మన పల్లెలకు అట్టివి లేవనియు, లాంఛనములన్నియు రాజులవే యనియు చదువుకొన్నవారు తలచుచున్నారు.

రాజుల లాంఛనములకు మనకు కొదువ లేదు. పూర్వము పోదనమని పేరొందిన మన బోధనునే చూతము. ఆ నేలపై రాష్ట్రకూటుల గరుడుడును, చాళుక్యుల వరాహమును వచ్చి పోయెను. తరువాత అసఫ్‌జాహీల పసుపు పతాకము ఎగిరెను. దాని నడుమ గుండ్రని తెల్లని కుల్చా రొట్టె. మొదటి నిజాము ఒక సూఫీ సాధువు పెట్టిన కుల్చాలలో ఏడింటిని తినగా, ఏడు తరములు ఏలుబడి సాగునని ఆ సాధువు దీవించెనట. 1724 మొదలు 1948 వరకు అసఫ్‌జా బిరుదముతో లెక్కకు వచ్చినవారు ఏడుగురే. అయితే నడుమ ఏలిన నాసిర్‌జంగు మొదలగువారిని విడిచిననే గాని కథ పొసగదు. ఆ మొదటి ప్రభువు పేరు ఖమరుద్దీను, ఖమరనగా చంద్రుడు. ఆ తెల్లని వలయము చందమామయేమో యని మాకు తోచును. జనులకు మాత్రము రొట్టె కథయే రుచించినది.

2014లో తెలంగాణ రాష్ట్రమునకు కాకతీయ తోరణమును, చార్మినారును కూర్చి చిహ్నము చేసిరి. పదియేండ్లకే, 2024లో, దానిని మార్చుదమను మాట పుట్టి వివాదమాయెను.

పల్లె ముద్ర యిట్లు మారునది కాదు. అది కోటగుమ్మముపై గాక పొలము గట్టున నుండును. పాత దానశాసనపు రాతి తలభాగమును చూడుడు: ఒక వైపు సూర్యుడు, ఒక వైపు నెలవంక, నడుమ లింగము, ప్రక్కన దూడకు పాలిచ్చు ఆవు. జైన బసదికి ఇచ్చిన భూమియైనచో లింగమునకు బదులు ముక్కొడల క్రింద కూర్చున్న జినుడు. సూర్యచంద్రులున్నంత కాలము దానము చెల్లవలెనని యర్థము; దానిని హరించినవానికి కాశిలో గోవును చంపిన పాపమని శాపము. పొలిమేర రాళ్లకును ఇట్టి భాషయే కలదు. శివుని మాన్యమునకు త్రిశూలము, విష్ణువు మాన్యమునకు చక్రము, బ్రాహ్మణులకిచ్చిన భూమికి గొడుగు పట్టిన వామనుడు. అక్షరము రాని కాపు కూడ ఈ బొమ్మను చూచి యెవరి పొలమో చెప్పగలిగెను. అతనికి అదియే దస్తావేజు.

ఇంతవరకు మెచ్చదగినదే. కాని దాత పేరున్నది, గ్రహీత పేరున్నది, నాలుగు ఎల్లలున్నవి, దున్నినవాని గుర్తెక్కడ? మేము చూచిన రాళ్లపై నాగలి కానరాలేదు. ఆవును చెక్కినవారు ఎద్దును ఏల మరచిరో! మంజీరపై నిజాంసాగరము 1931 నాటికి పూర్తియై కాలువ నీరు పారెను. 1937లో బోధనున చక్కెర కర్మాగారము వెలసెను. చెరకు నరికిన చేతులకు అప్పుడును గుర్తు చెక్కినవారు లేరు. 2015లో ఆ కర్మాగారమే మూతపడెను.

పొలములు చదును చేయునపుడు అడ్డమని పెరికిన రాళ్లు మన యూళ్లలో గడపమెట్లయి, బట్టలుతుకు బండలై పడియున్నవి. మీ పెరటిలో అట్టి పాత బండ యున్నచో, ఇద్దరి సాయముతో దానిని ఒకసారి తిరుగవేసి, అడుగువైపున చుక్కవలె సూర్యుడును, గీతవలె చంద్రుడును ఉన్నారేమో చూడుడు.