కన్ను కదిలితే చెదిరే బొమ్మ

శనివారం సాయంత్రం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో బండి నిలపడానికి చోటు దొరకడమే అదృష్టం. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోకి అడుగుపెట్టగానే రెండు వైపులా అట్టపెట్టెలు. భుజం పక్కకు తిప్పి నడవాలి. ప్రతి గుమ్మం దగ్గరా అదే పిలుపు: "ఏం చూస్తున్నరన్నా, ల్యాప్‌టాపా, ప్రింటరా?" మీ వెనకాలే మీ తమ్ముడు. ఇంటర్‌లో మంచి మార్కులొస్తే మానిటర్ కొనిపెడతానని మీరన్న మాటను ఇవాళ వసూలు చేసుకుంటున్నాడు. వాడు ఆడేది వాలొరెంట్ అనే గేమ్. మీకు దాని పేరు తప్ప మరేం తెలియదు.

లోపలి దుకాణం పట్టుమని పదడుగులు లేదు. గోడ నిండా మానిటర్లు, అన్నీ ఒకే రంగులో మెరుస్తున్నాయి. కౌంటర్ వెనకున్నాయన మిమ్మల్ని వదిలేసి నేరుగా వాడినే అడుగుతాడు.

"గ్రాఫిక్స్ కార్డేముంది తమ్ముడూ? ఎఫ్‌పీఎస్ ఎంతొస్తది?"

"సెకనుకు రెండొందల యాభై ఫ్రేముల దాకా వస్తదన్నా."

"అట్లయితే కూసో. ముందుగాల చూడు, రేటు తర్వాత మాట్లాడుదాం."

పక్కపక్కన ఉన్న రెండు స్క్రీన్ల మీదా ఒకే బొమ్మ నడుస్తోంది. ఒక ఎగిరే పళ్లెం ఎడమ నుంచి కుడికి పోతూ ఉంటుంది, అంతే. బ్లర్ బస్టర్స్ నడిపే మార్క్ రెజాన్ తయారుచేసిన టెస్ట్‌యూఎఫ్ఓ పరీక్ష అది. మానిటర్ల మీద మనసు పడ్డవాళ్లలో దాన్ని చూడనివాళ్లు అరుదు. పళ్లెం వేగం సెకనుకు 960 పిక్సెళ్లు. ఎడమ స్క్రీన్ 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. కుడిది 240.

"బొమ్మ ఎంబడే కండ్లు పోనీ అన్నా" అంటాడు మీతో.

ఎడమవైపు పళ్లెం అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. లోపల ఎవరో కూర్చున్నారు, మొహం ఆనవాలు పట్టలేరు. చూపు కుడివైపుకు మారుస్తారు. అంచు తేరుకుంటుంది. పూర్తిగా కాదు గానీ, లోపలున్నది గ్రహాంతరవాసి అని చెప్పగలుగుతారు.

"స్క్రీన్ స్లో, అందుకే చెదురుతుంది" అంటాడు మీ తమ్ముడు తెలిసినట్టు. చాలామంది అనేదీ అదే. దుకాణదారు నవ్వి, మీ చూపుడు వేలిని 60 హెర్ట్జ్ స్క్రీన్ మధ్యలో ఆనించమంటాడు. "ఇగ బొమ్మను చూడకు. ఏలు దిక్కే చూడు."

చూస్తారు. పళ్లెం వేలి మీదుగా దాటిపోతుంది. మసక లేదు! మెట్లు మెట్లుగా, ఒక్కోచోట ఆగి ఆగి దూకుతున్నట్టు కనిపిస్తుంది. వేలు తీసి మళ్లీ వెంటాడితే మళ్లీ చెదిరిపోతుంది. ఆయన ఇంకా ఊరుకోడు. ఫోన్ కెమెరాలో షట్టర్‌ను సెకనులో వెయ్యో వంతుకు పెట్టి, కదిలే పళ్లేన్ని ఫొటో తీసి చూపిస్తాడు. వెనకాల సన్నటి నీడ ఉందేమో గానీ, బొమ్మ మాత్రం చక్కగా నిలబడి ఉంది.

అంటే చెదిరింది గాజు మీద కాదు, మీ కంట్లో. 60 హెర్ట్జ్ స్క్రీన్ ఒక బొమ్మను గీసి 16.7 మిల్లీసెకన్లు అలాగే పట్టుకుని ఉంటుంది. బొమ్మ ఆగే ఉంది, కానీ దాన్ని వెంబడించే మీ కన్ను ఆగదు, నున్నగా జారిపోతూనే ఉంటుంది. ఆ కాసేపట్లో చూపు 16 పిక్సెళ్లు ముందుకు పోతుంది. ఆగి ఉన్న బొమ్మ ఆ 16 పిక్సెళ్ల మేరా మీ రెటీనా మీద రాసుకుంటుంది. 240 హెర్ట్జ్‌లో బొమ్మ నిలిచేది 4.2 మిల్లీసెకన్లే, అందుకని మసక 4 పిక్సెళ్లకు తగ్గింది. మానిటర్ల వ్యాపారం మొత్తం ఈ చిన్న లెక్క చుట్టూనే తిరుగుతోంది: బొమ్మ ఒక మిల్లీసెకను నిలిస్తే, సెకనుకు వెయ్యి పిక్సెళ్ల వేగం దగ్గర ఒక పిక్సెల్ మసక.

"మేం ఇంటర్నెట్ సెంటర్ల కౌంటర్ స్ట్రైక్ ఆడినప్పుడు డబ్బా మానిటర్లుండె. గవి 85 హెర్ట్జే, కానీ గీ మసక లేకుండె" అంటాడాయన టీ కప్పు అందిస్తూ. ముచ్చట కాదు, నిజమే. ఆ డబ్బా మానిటర్లలో, అంటే సీఆర్‌టీల్లో, ఫాస్ఫర్ చుక్క ఒక్కసారి మెరిసి దాదాపు మిల్లీసెకనులోనే ఆరిపోతుంది, తర్వాతి మెరుపు దాకా అక్కడ చీకటే. బొమ్మ నిలిచి ఉండదు కాబట్టి కంటికి రాసుకునే వ్యవధే దొరకదు. పలచటి ఎల్‌సీడీలకు మారి మనం బల్ల మీద చోటు సంపాదించి, ఆ మెరుపును పోగొట్టుకున్నాం.

దాన్ని తిరిగి తెచ్చే మీట ఆ 240 హెర్ట్జ్ మానిటర్ వెనకాలే ఉంది. ఆయన దాన్ని నొక్కి మెనూలో ఏదో మారుస్తాడు. ఆ సదుపాయాన్ని బెన్‌క్యూ డైయాక్ అంటుంది, ఎన్విడియా యూఎల్‌ఎంబీ అంటుంది. పని ఒకటే: పిక్సెళ్లు మారేటప్పుడు బ్యాక్‌లైట్‌ను ఆర్పి, కుదురుకున్నాక ఒక్క క్షణం వెలిగించడం. దీని పుట్టుకే తమాషా. ఎన్విడియా లైట్‌బూస్ట్‌ను తెచ్చింది త్రీడీ కళ్లద్దాల కోసం. 2012, 2013 ప్రాంతంలో గేమర్లు ఆ కళ్లద్దాలు పక్కన పడేసి, మసక పోగొట్టుకోవడానికి వాడుకున్నారు.

స్క్రీన్ వెలుగు ఒక్కసారిగా తగ్గుతుంది. మీ తమ్ముడు కుర్చీలోంచి ముందుకు వంగుతాడు. పళ్లెం అచ్చు గుద్దినట్టు కనిపిస్తోంది! కౌంటర్ మీది పెన్ను తీసుకుని స్క్రీన్ ముందు అటూ ఇటూ ఊపండి. మామూలుగా ఒకే మసక చారలా కనిపించే పెన్ను ఇప్పుడు విడివిడి పెన్నులుగా చీలిపోతుంది. బ్యాక్‌లైట్ మిణుకుతోందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అయితే స్క్రీన్ పైఅంచునో కిందిఅంచునో చూడండి. పళ్లెం వెనకాల రెండో పళ్లెం లేతగా అంటుకుని ఉంది. ప్యానెల్ పైనుంచి కిందికి వరసగా మారుతుంది కాబట్టి, వెలుగు వచ్చే సమయానికి అన్ని చోట్లా పిక్సెళ్లు కుదురుకోవు. పైగా గేమ్ ఫ్రేములు హెర్ట్జ్‌లతో సమానంగా రాకపోతే ప్రతి అంచూ జంటగా కనిపిస్తుంది. కొందరికి ఆ మిణుకు తలనొప్పి తెస్తుంది. నా మటుకు నాకు షూటింగ్ గేముల్లో తప్ప దాన్ని ఆన్ చేసి ఉంచడం దండగ.

"ఇది ఒక ఎంఎస్ అన్నా!" మీ తమ్ముడు ఒక పెట్టె ఎత్తి చూపిస్తాడు. పక్కన చిన్న అక్షరాలు చదవండి. జీటీజీ అని ఉంటే ఒక పిక్సెల్ ఒక ఛాయ నుంచి ఇంకో ఛాయకు మారే వ్యవధి. అది కూడా పిక్సెల్‌ను తొందరపెట్టే ఓవర్‌డ్రైవ్ చిట్టచివరి మెట్టులో కొలిచిందే అయ్యుండొచ్చు. ఆ మెట్టులో బొమ్మ వెనక తెల్లటి అంచు వెంటాడుతుంది, అందుకే మధ్య మెట్టే మేలు. ఎంపీఆర్‌టీ అని ఉంటే బొమ్మ కంటికి నిలిచే వ్యవధి. 144 హెర్ట్జ్ మానిటర్ మీద ఒక మిల్లీసెకను ఎంపీఆర్‌టీ అంటే బ్యాక్‌లైట్ మిణుకుతోందనే అర్థం. లేకపోతే 6.9 కన్నా తగ్గే దారి లేదు. చవకైన వీఏ ప్యానెళ్లలో నల్లటి చోట్ల వేరే పేచీ ఉంది: చీకటి ఛాయలు ఆలస్యంగా మారి నల్లటి మరకలా సాగుతాయి.

మూల గాజు అరలో ఓలెడ్ మానిటర్ వెలుగుతోంది. పిక్సెల్ మారడానికి 0.03 మిల్లీసెకన్లని రాశారు. దాన్నీ 60 హెర్ట్జ్‌కు దించమని అడగండి, ఆయన దించుతాడు. మసక అలాగే, 16 పిక్సెళ్లు! పిక్సెల్ ఎంత చురుకైనదైనా బొమ్మను పట్టుకుని కూర్చుంటే అది కంటికి రాసుకుంటుంది. 2024లో వచ్చిన 480 హెర్ట్జ్ ఓలెడ్‌లకు అంత పేరు రావడానికి కారణం అదే. మిణుకు అవసరం లేకుండానే 2.1 మిల్లీసెకన్లకు దిగాయి.

ధర విని మీరు మొదట చూసిన 240 హెర్ట్జ్ ఐపీఎస్ మానిటర్ దగ్గరికే తిరిగొస్తారు, మంచి పని. 144 నుంచి 165కు మారితే మిగిలేది ఒక మిల్లీసెకను లోపు, దానికి డబ్బు పెట్టకండి. మారితే హెర్ట్జ్ రెట్టింపయ్యేలా మారండి, అది కూడా కార్డు అన్ని ఫ్రేములు ఇవ్వగలిగితేనే.

ఇంటికెళ్లాక పాత హెచ్‌డీఎంఐ తీగ పక్కన పెట్టి, పెట్టెలో డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఉంటే అదే తగిలించండి. విండోస్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి రిఫ్రెష్ రేట్ చూడండి. చాలా ఇళ్లలో అది 60 దగ్గరే ఉండిపోతుంది. 240కి మార్చి, ఆ తర్వాతే మీ తమ్ముణ్ని కుర్చీలో కూర్చోమనండి.