ఒక ముఆహిదా, ఇద్దరు తర్జుమాన్లు: కంపైలర్ ఎర్రర్ల తారీఖు

తెలుగులో తారీఖు అంటే క్యాలెండర్ మీద ఉండే తేదీ. ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర కూడా. ఈ వ్యాసంలో రెండూ ఉన్నాయి. విషయం మాత్రం కొంచెం అజీబ్‌గా అనిపించొచ్చు. మీ ఇంట్లో సాఫ్ట్‌వేర్ నేర్చుకునే అబ్బాయో అమ్మాయో ఉంటే, "పైథాన్‌లో ఏదో వేస్తుంటే ఎర్ర అక్షరాలు వస్తున్నాయి, కంపైలర్ లేదంటోంది" అని మొహం మాడ్చుకుని కూర్చోవడం చూసే ఉంటారు. తనకే రాదనుకుంటారు పాపం. ఆ ఎర్ర అక్షరాల వెనకాల ఇరవై ఏళ్ళ పైబడిన కథ ఉంది. నేను ఇంజినీర్ని కాను, జుబాన్ల మనిషిని. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. నన్ను ఇటు లాగింది కూడా జుబానే. ఈ గొడవంతా తర్జుమా గొడవ.

ముందు అసలు మసలా ఏమిటో చూద్దాం. పెర్ల్, పైథాన్ లాంటివి స్క్రిప్టింగ్ భాషలు. రాయడం ఆసాన్, కానీ పెద్ద లెక్కలకు నెమ్మది. అందుకని వేగం కావాల్సిన ముక్కను సీ భాషలో రాసి, మాడ్యూల్‌గా చేసి ఆ భాషకు అతికిస్తారు. సీ మెషీన్‌కు నేరుగా అర్థం కాదు. దాన్ని తర్జుమా చేసిపెట్టే తర్జుమాన్ పేరే కంపైలర్. ఇక్కడే చిక్కు. పైథాన్ కూడా సీలో రాసినదే. దాన్ని ఎక్కడో ఎవరో ఒక కంపైలర్‌తో తర్జుమా చేసి మనకు పంపారు. మన మాడ్యూల్‌ను మన దగ్గరున్న ఇంకో కంపైలర్ తర్జుమా చేస్తుంది. ఇద్దరు తర్జుమాన్లకూ రివాజులు కలవాలి: ఏ విలువను ఎక్కడ పెట్టాలి, ఎవరు తీసుకున్న మెమరీని ఎవరు వాపస్ చేయాలి, అన్నీ. ఇంజినీర్లు దీన్ని ఏబీఐ అంటారు. నేనైతే ముఆహిదా అంటాను. చాలా ఏళ్ళు ఆ ముఆహిదాలో ముఖ్యమైన షర్తులు స్క్రిప్టింగ్ భాషల లోకంలో ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

పెర్ల్‌తో మొదలుపెడతాను. దాన్ని 1987లో విడుదల చేసిన లారీ వాల్ భాషాశాస్త్రం చదువుకున్న మనిషి. పెర్ల్‌కు ఒక అలవాటు ఉంది. తనను ఏ కంపైలర్ తర్జుమా చేసిందో, ఏ ఆప్షన్లు వాడిందో మొత్తం రాసిపెట్టుకుంటుంది. తర్వాత ఏ మాడ్యూల్ కట్టినా ఆ లెక్క ప్రకారమే కట్టమంటుంది. సన్ కంపెనీ సోలారిస్ సిస్టమ్‌లో పెర్ల్ డబ్బాలోనే వచ్చేది, కానీ దాన్ని సన్ వాళ్ళ సొంత కంపైలర్‌తో కట్టారు. ఆ కంపైలర్ మాత్రం డబ్బాలో లేదు. సీసీ అని కొడితే, "లాంగ్వేజ్ ఆప్షనల్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజ్ నాట్ ఇన్‌స్టాల్డ్" అని జవాబు. భాష ఐచ్ఛికమట! జనం దగ్గర ఉన్నది ఉచితంగా దొరికే జీసీసీ. పెర్ల్ ఇచ్చిన సన్ ఆప్షన్లు దానికి తలకెక్కవు. సన్ కంపైలర్‌కు మైనస్ ఎక్స్ తర్వాత వచ్చేది ఒక హుకుం. జీసీసీకి అదే మైనస్ ఎక్స్ తర్వాత రావలసింది భాష పేరు. అందుకని "ఎక్స్‌ఇల్డ్‌ఆఫ్" అనే సన్ ఆప్షన్‌ను చూసి, "ఇల్డ్‌ఆఫ్ అనే భాష నాకు తెలియదు" అని జీసీసీ ఫిర్యాదు చేసేది. నాకు ఇది చదివితే నవ్వు ఆగదు. ఒకే లఫ్జ్, ఇద్దరికి రెండు మానీలు.

దీనికి ఇలాజ్ తేలిక. పెర్ల్‌ను జీసీసీతో మళ్ళీ కట్టుకోవడం ఒకటి. లేదా సన్ వాళ్ళే తర్వాత ఇచ్చిన పెర్ల్‌జీసీసీ అనే చిన్న కమాండ్ వాడడం. అది సన్ ఆప్షన్లను పక్కకు నెట్టి జీసీసీకి తెలిసినవి పెడుతుంది. ఎందుకు సరిపోయిందంటే ఆ సిస్టమ్‌లో ఇద్దరు తర్జుమాన్లూ వాడే సీ లైబ్రరీ ఒక్కటే. గొడవ పదాల్లోనే, నెత్తురులో కాదు.

విండోస్‌లో గొడవ నెత్తురులోనే ఉండేది. మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో కొత్తది వచ్చినప్పుడల్లా కొత్త సీ లైబ్రరీ తెచ్చుకునేది. 2008ది ఎంఎస్‌వీసీఆర్90, 2010ది ఎంఎస్‌వీసీఆర్100. పైథాన్ 2.4, 2.5లను 2003 స్టూడియోతో కట్టారు. 2.6 నుంచి 3.2 దాకా 2008తో, 3.3, 3.4లను 2010తో. మీ మాడ్యూల్‌ను వేరే ఏడాది స్టూడియోతో కడితే ఒకే ప్రోగ్రాం కడుపులో రెండు లైబ్రరీలు. ఒకదాని దగ్గర తీసుకున్న మెమరీని ఇంకోదానికి వాపస్ ఇస్తే ప్రోగ్రాం కుప్పకూలొచ్చు. ఒక కిరాణా కొట్టులో రాయించిన ఉద్దెరను పక్క కొట్టుకు వెళ్ళి కొట్టేయమన్నట్టు. ఆ సేఠ్ దగ్గర మీ ఖాతాయే లేదు.

అందుకే 2000లో పైథాన్‌తో కలిసి వచ్చిన డిస్ట్‌యుటిల్స్ అనే సాధనం చౌకీదార్‌లా నిలబడేది. పైథాన్ ఏ స్టూడియోతో పుట్టిందో చూసి, అదే లేకపోతే పని ఆపేసేది. ఆపడం హిఫాజత్ కోసమే, దాన్ని తప్పుపట్టను. నాకు కోపం వచ్చేది అది మాట్లాడిన తీరు మీద. 2003 జమానాలో కనీసం "పైథాన్‌ను ఫలానా స్టూడియోతో కట్టారు, అది మీ దగ్గర లేదు" అని సాఫ్‌గా చెప్పేది. 2008 జమానాకు వచ్చేసరికి "అనేబుల్ టు ఫైండ్ వీసీవర్సాల్ డాట్ బ్యాట్" అని ఒక్క ముక్క! అది కంపైలర్‌కు దారులు చూపే చిన్న ఫైలు. అది లేదంటే 2008 స్టూడియో లేదని అర్థం. ఈ సంగతి కొత్తగా నేర్చుకునే పిల్లవాడికి ఎవరు చెప్పాలి? ఎందరో ఆ లైన్ దగ్గరే దర్వాజా మూసుకుని వెనక్కి వెళ్ళిపోయారు.

జుగాడ్ చేసినవాళ్ళూ ఉన్నారు. 2008 స్టూడియో దారి చెప్పే సెట్టింగ్‌లో 2010 స్టూడియో దారి రాసేసేవారు. పేరు ఒకరిది, ఇల్లు ఇంకొకరిది. చౌకీదార్ మోసపోయేవాడు, మాడ్యూల్ తయారయ్యేది, చిన్న పనులకు నడిచేది కూడా. పైన చెప్పిన ఉద్దెర గొడవ ఎప్పుడు బయటపడుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. మింగ్‌డబ్ల్యూ అనే ఉచిత కంపైలర్ దారి పట్టినవాళ్ళకు ఇంకో అడ్డంకి. డిస్ట్‌యుటిల్స్ దానికి "మైనస్ ఎంనో-సిగ్విన్" అనే పాత ఆప్షన్ పంపేది. 2012లో వచ్చిన జీసీసీ 4.7 ఆ ఆప్షన్‌ను తీసేసింది. జనం పైథాన్ లోపలి ఫైలు తెరిచి, ఆ మాటను చేత్తో చెరిపి పని నడుపుకున్నారు.

పైథాన్ 2.7 వచ్చింది 2010 జూలైలో. దానికోసమే 2008 కంపైలర్‌ను విడిగా, ఉచితంగా మైక్రోసాఫ్ట్ ఇచ్చింది 2014 సెప్టెంబర్‌లో. ఆ పనికి పూనుకున్నది అక్కడే పనిచేసే స్టీవ్ డోవర్. నాలుగేళ్ళ ఆలస్యం, కానీ పెద్ద ఖిద్మత్. 2015లో ఇంకా పెద్ద మార్పు వచ్చింది. ఏటేటా లైబ్రరీ మార్చే పద్ధతి మానేసి, యూనివర్సల్ సీ రన్‌టైమ్ అని ఒకటే స్థిరంగా పెట్టారు. పైథాన్ 3.5 నుంచి దాని మీదే నడుస్తోంది. 2015 తర్వాత వచ్చిన విజువల్ స్టూడియోలతో కట్టినవి కలిసి బతకగలవు. అంటే ముఆహిదా చివరికి రాతలోకి వచ్చింది.

లినక్స్ సంగతి మన లిపుల దాకా వస్తుంది, అందుకే కొంచెం ఆగుతాను. యూనికోడ్‌లో ప్రతి హర్ఫ్‌కూ ఒక నంబర్. మొదటి 65,536 నంబర్లకు రెండు బైట్లు చాలు. మన ఉర్దూ, తెలుగు అక్షరాలు ఆ లోపలే ఉన్నాయి. అరుదైన చైనా అక్షరాలు, తర్వాత వచ్చిన ఎమోజీలు చాలావరకు బయట. పైథాన్ 2.2 నుంచి అక్షరానికి రెండు బైట్లా నాలుగు బైట్లా అన్నది కట్టేవాడి ఇష్టానికి వదిలారు. సోర్సు నుంచి ఊరికే కడితే రెండు, ఉబుంటు లాంటి లినక్సుల్లో వచ్చేది నాలుగు. రెండు బైట్ల పైథాన్ కోసం కట్టిన మాడ్యూల్ నాలుగు బైట్ల పైథాన్‌లోకి వెళ్తే? తెలివైన చెయ్యి ఎవరిదో గానీ, ఫంక్షన్ల పేర్లలోనే యూసీఎస్2, యూసీఎస్4 అని గుర్తు పెట్టారు. అందుకని మాడ్యూల్ లోపలికి రాకముందే "ఈ సింబల్ లేదు" అని ఆగిపోయేది. ఎర్రర్ వచ్చినందుకు జనం తిట్టుకున్నారు. అది రాకపోతే అక్షరాలు చెల్లాచెదురై, ఎక్కడ తప్పిందో ఎవరికీ తెలిసేది కాదు. మార్టిన్ ఫాన్ లోవిస్ ప్రతిపాదనతో 2012లో పైథాన్ 3.3 ఆ తేడానే తీసేసింది. ఒక్కో మాటకు ఎంత చోటు కావాలో అప్పటికప్పుడు అదే చూసుకుంటుంది.

ఆ తర్వాత అందరూ ఇంట్లో కంపైల్ చేసుకునే రివాజే తగ్గింది. వీల్ అనే పద్ధతి వచ్చి, ముందే తర్జుమా అయిన మాడ్యూల్‌ను అందించడం మొదలైంది. 2016లో లినక్స్‌కు మెనీలినక్స్ అనే ఒప్పందం: సెంట్‌ఓఎస్ 5 లాంటి పాత సిస్టమ్ మీద కట్టండి, కొత్తవాటి మీదా నడుస్తుందని. అంతకుముందు విండోస్ వాళ్ళకు దిక్కు కాలిఫోర్నియా యూనివర్సిటీ ఇర్వైన్‌లోని క్రిస్టోఫ్ గోల్కే. వందల లైబ్రరీలను తానే కట్టి తన పేజీలో పెట్టేవారు. వాటిని ఇస్తేమాల్ చేసినవాళ్ళలో ఆయన పేరు ఎందరికి గుర్తుందో. 2022లో నిధులు ఆగి, ఆ ప్రయోగశాలతో పాటు ఆ పని కూడా ఆగింది. చౌకీదార్ డిస్ట్‌యుటిల్స్‌ను 2023 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.12 నుంచి తీసేశారు.

ఎర్ర అక్షరాలు మాత్రం పూర్తిగా పోలేదు. ఇప్పుడు "విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 కావాలి" అని అడుగుతాయి. ఏటా అక్టోబర్‌లో కొత్త పైథాన్ వస్తుంది, కొన్ని లైబ్రరీల వీల్స్ దానికి తయారవడానికి టైమ్ పడుతుంది. వీల్ దొరక్కపోతే పిప్ సోర్సు దింపి కట్టడానికి కూర్చుంటుంది. అందుకని మీ పిల్లలకు చెప్పండి, ముందు వీల్ ఫైలు పేరు చదవమని. సీపీ312 అంటే పైథాన్ 3.12 కోసం, విన్ ఏఎండీ64 అంటే 64 బిట్ విండోస్ కోసం. ముఆహిదా షర్తులన్నీ ఆ పేరులోనే రాసి ఉంటాయి. మీ వెర్షన్‌కు లేకపోతే ఒక మెట్టు పాత పైథాన్ వేసుకుంటే చాలాసార్లు కంపైలర్ జోలికే వెళ్ళక్కర్లేదు.