ఒడ్డు కనిపిస్తూనే ఉంది

1984 మార్చి 11, ఆదివారం. రాత్రి పది కావస్తోంది. ఐస్‌లాండ్‌కు దక్షిణాన వెస్ట్‌మన్ దీవులున్నాయి. వాటిలో పెద్దదైన హేమాయ్‌కి తూర్పున, ఐదారు కిలోమీటర్ల దూరంలో ‘హెల్లిసే’ అనే చేపల బోటు వల ఈడుస్తోంది. బోటులో ఐదుగురు. అందరూ కుర్రాళ్లే. గాలి ఉష్ణోగ్రత సున్నాకు రెండు డిగ్రీలు దిగువన ఉంది. అయినా అక్కడి వాళ్లు ఇంట్లో కూర్చోరు. చలికాలం చివర్లోనే కాడ్ చేప గుడ్లు పెట్టడానికి తీరం దగ్గరికి వస్తుంది. ఏడాది తిండిలో పెద్ద వాటా ఆ కాలపు వేటలోనే ఉండేది.

వల అడుగున ఎక్కడో రాళ్లకు పట్టేసింది. విడిపించాలని వించ్‌తో లాగారు. ఇనుప తాడు బిగిసింది. వల రాలేదు సరికదా, బోటే వల వైపు ఒరిగింది. ఇంతలో ఒక అల వచ్చింది. సర్దుకునే వ్యవధి లేకుండా బోటు తిరగబడింది.

ఇద్దరు అక్కడికక్కడే పోయారు. సరంగుతో కలిపి ముగ్గురు బోల్తాపడ్డ బోటు వీపు మీదికి పాకారు. ఆ ముగ్గురిలో ఒకడు గుద్‌లాయిగుర్ ఫ్రిద్‌థోర్సన్. వయసు ఇరవై రెండు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, బరువు నూట పాతిక కిలోల పైమాటే.

బోటులో గాలి నింపుకునే లైఫ్ రాఫ్ట్ ఉంది. ప్రాణం కాపాడడానికే దాన్ని పెట్టారు. అది తిరగబడ్డ బోటుతోపాటు నీళ్లలోకి పోయి, కట్టిన చోటే ఇరుక్కుంది. విడదీయడానికి ప్రయత్నించారు, కుదరలేదు. ముప్పావు గంట గడిచేసరికి కాళ్ల కింద బోటు కుంగడం మొదలైంది. ఎవరైనా వస్తారని ఎదురుచూడడానికి ఇక తావు లేదు. హేమాయ్ చివరి కొండ మీది లైట్‌హౌస్ వెలుగు కనిపిస్తోంది. దానివైపు ఈదడం మొదలుపెట్టారు.

ఆ నీళ్లు ఎలాంటివో మన తీరంలో పుట్టినవాళ్లకు ఊహకందదు. పుష్యమాసంలో కూడా కాకినాడ దగ్గర సముద్రం పాతిక డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. అక్కడ ఆ రాత్రి ఐదారు డిగ్రీలు. అంత చల్లని నీళ్లలో పడగానే మనిషికి ఊపిరి ఎగదన్నుకొస్తుంది. ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే అంతే సంగతులు. అది దాటినా చేతుల్లో పట్టు తప్పుతుంది. వేళ్లు మాట వినవు, భుజాలు బరువెక్కుతాయి. శరీరం చల్లబడి స్పృహ పోకముందే కండరాలు ఈత మానేస్తాయి. మామూలు మనిషికి అరగంట ఈదడమే గగనం. వీళ్ల ఒంటి మీద ఉన్నది చొక్కా, స్వెట్టర్, జీన్స్ ప్యాంటు.

కాసేపటికి ముగ్గురు ఇద్దరయ్యారు. గుద్‌లాయిగుర్, సరంగు చీకట్లో ఒకరినొకరు పిలుచుకుంటూ ఈదారు. ఉన్నావా అంటే ఉన్నాను. ఆ కేకే వాళ్లకు తాడు. ఒకసారి పిలిస్తే జవాబు రాలేదు. మళ్లీ పిలిచాడు. అలల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఇక ఒక్కడే. వెల్లకిలా పడుకుని కొంతసేపు, బోర్లా కొంతసేపు ఈదాడు. తలపైన తిరుగుతున్న సముద్ర పక్షులతో మాట్లాడాడని తర్వాత తనే చెప్పాడు. నిద్ర రాకుండా, మతి చెదరకుండా ఉండడానికి ఎవరో ఒకరితో మాట్లాడాలి కదా. ఒక బోటు కేకేస్తే వినపడేంత దూరంలోంచే వెళ్లింది. శక్తికొద్దీ అరిచాడు. ఇంజిను మోతలో డెక్కు మీదివాళ్లకు అది చేరలేదు. దీపాలు దూరమయ్యాయి. ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా నా గొంతు పట్టేస్తుంది. అంత దగ్గరికి వచ్చిన సాయం చేజారాక కూడా చేతులు ఆడించడం మానలేదంటే ఆ గుండెను ఏమనాలి?

గంటల తర్వాత ఒడ్డు తగిలింది. కానీ అది నిలువు కొండ. అలలు దాని మీద విరుచుకుపడుతున్నాయి. పైకి ఎక్కడానికి పట్టులేదు, అక్కడే ఉంటే అలలు రాయికేసి కొడతాయి. అప్పుడతను చేసిన పని ఇంకొకరు చేస్తారని నేననుకోను. చేతికందిన నేలను వదిలేసి మళ్లీ సముద్రంలోకి ఈదాడు. కొండ పక్కగా మరికొంత దూరం పోయి, ఒడ్డెక్కడానికి వీలున్న చోటు వెతుక్కున్నాడు. ఈ కథలో అసలు సాహసం అదేనని నా నమ్మకం. నీళ్లలోంచి బయటపడాలని ఒళ్లంతా మొరపెడుతుంటే, ఆరు గంటల ఈత తర్వాత అలసిన బుర్ర ఆ లెక్క సరిగ్గా వేయగలిగింది.

ఒడ్డెక్కినా గండం గడవలేదు. కాలు పెట్టింది లావా మీద. 1973 జనవరి 23 తెల్లవారకముందే ఈ దీవిలో నేల చీలి ఎల్డ్‌ఫెల్ అగ్నిపర్వతం పుట్టింది. ముందురోజు తుపాను వల్ల చేపల బోట్లన్నీ రేవులోనే ఉన్నాయి కాబట్టి ఐదు వేల పైచిలుకు జనాన్ని ఆ రాత్రే తరలించగలిగారు. అప్పటికి గుద్‌లాయిగుర్ పన్నెండేళ్లు నిండని పిల్లాడు. ఆ కొండ కక్కిన లావా గడ్డకట్టి గాజుపెంకుల్లాంటి రాళ్లయింది. వాటి మీద ఇప్పుడు వట్టికాళ్లతో, తడిబట్టలతో నడిచాడు. అరికాళ్లు చీరుకుపోయాయి.

దారిలో గొర్రెలు తాగడానికి నీళ్లు నింపి ఉంచిన ఒక స్నానపు తొట్టి కనిపించింది. పైన మంచు పెచ్చు కట్టి ఉంది. రాత్రంతా నీళ్లలోనే ఉన్నా తాగడానికి చుక్క లేదు, గొంతు ఎండిపోయింది. పిడికిళ్లతో ఆ పెచ్చు పగలగొట్టి, తల వంచి తాగాడు. మళ్లీ నడిచాడు. తెల్లవారుజామున దీపం వెలుగుతున్న ఇంటి తలుపు తట్టాడు. వెనక అతను నడిచినంత మేరా నెత్తుటి అడుగులు.

ఆసుపత్రిలో నాడి అందలేదు. 34 డిగ్రీల నుంచే అంకెలున్న థర్మామీటరు శరీర వేడిని చూపలేకపోయింది. అంత జరిగినా డాక్టర్లకు కనిపించినవి ఒంట్లో నీరు తగ్గడం, కోసుకుపోయిన పాదాలు, అంతే.

ఇదెలా సాధ్యమని లండన్‌లో చలి మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ విలియం కీటింజ్ బృందం అతన్ని పిలిపించుకుని, అంతే చల్లని నీళ్లలో కూర్చోబెట్టి పరీక్షించింది. లోపలి వేడి పెద్దగా పడిపోలేదు. చర్మం కింద కొవ్వు మామూలు మనిషికి ఉండేదానికి రెండు మూడు రెట్లు మందంగా ఉంది. ఆ ఫలితాలు 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. సీల్ లాంటి మనిషి అని పత్రికలు రాశాయి. 2012లో దర్శకుడు బాల్తాసర్ కోర్మాకుర్ ఈ కథను ‘ద్యూపిద్’ పేరుతో సినిమాగా తీశాడు. హేమాయ్‌లో ఏటా మార్చిలో జనం ఈతకొలనులో ఆరు కిలోమీటర్లు ఈదుతారు, అతని పేరు మీదే.

అందరూ ఆ కొవ్వు గురించే మాట్లాడుతుంటే నాకు కష్టంగా ఉంటుంది. మిగతా నలుగురూ అలాంటి ఒళ్లు లేకనే పోయారని సరిపెట్టుకోవడం నాకు మింగుడుపడదు. రాఫ్ట్ ఊడి ఉంటే ఆ బోటు వీపు మీదున్న ముగ్గురూ బతికేవాళ్లేమో. ఇదే దీవుల్లో సిగ్మండ్ యోహాన్సన్ అనే కార్టూనిస్టు ఉండేవాడు. ఐస్‌లాండ్‌లో పేరున్న పత్రికకు బొమ్మలు వేస్తూనే, ఇలాంటి ప్రమాదాలు చూసి, రాఫ్ట్‌ను బోటు నుంచి బయటికి నెట్టే పరికరం తయారుచేశాడు. కట్లు విప్పడానికి చలికి కొయ్యబారిన వేళ్లతో ఎవరూ తంటాలు పడనక్కర్లేకుండా దాన్ని రూపొందించాడు. ఐస్‌లాండ్ చేపల బోట్లకు అలాంటి పరికరాలు బిగించారు.