వెనక బండి

జులై వచ్చిందంటే జర్మనీలో రోడ్లన్నీ దక్షిణం వైపే పోతున్నట్టుంటాయి. స్కూళ్ళకి సెలవులివ్వగానే క్యాంపర్ వ్యాన్లు బయల్దేరతాయి, ఆల్ప్స్ దాటి ఇటలీకో క్రొయేషియాకో. లోపలే మంచం, పొయ్యి, అల్మారా, అన్నీ. వాటిలో కొన్నిటి వెనక రెండు చక్రాల చిన్న పెట్టెబండి కూడా ఊగుతూ పోతుంటుంది. సామాన్ల ట్రెయిలర్ అన్నమాట. ఇంటినే చక్రాల మీద పెట్టుకున్నవాళ్ళకి దాని వెనక ఇంకో బండి ఎందుకు? ఈ ప్రశ్న నాలో చాలా రోజులుండిపోయింది. ఆ రెండు బండ్ల చరిత్రా చదువుతూ పోతే, ఏది ముందుదో ఏది వెనకదో చెప్పడం అంత తేలిక కాదనిపించింది.

ముందు వెనక బండి సంగతి. జర్మనీలో వీడెన్‌బ్రుక్ అనే చిన్న ఊళ్ళో 1844లో క్నోబెల్ కుటుంబం మొదలుపెట్టిన పని గుర్రపు బండ్ల తయారీకి ఎదిగింది. ఆ సంస్థే వెస్ట్‌ఫాలియా. కార్లొచ్చి గుర్రాలు తగ్గుతున్న కాలంలో వీళ్ళు కారు వెనక తగిలించే బండ్ల మీద దృష్టి పెట్టారు. చిక్కంతా ఆ తగిలించడం దగ్గరే ఉంది. గుర్రం ప్రాణమున్నది, బండిని బట్టి తను సర్దుకుంటుంది. కారుకి ఆ తెలివి లేదు. కొక్కేనికి కడియం వేసి లాగితే ప్రతి గుంతలోనూ అది కొట్టుకుంటుంది. 1932లో వెస్ట్‌ఫాలియా కారు వెనక ఒక ఇనుప గుండు బిగించి, దాని మీద బోర్లించినట్టు కూర్చునే గిన్నెని ట్రెయిలర్ ముక్కుకి అమర్చింది. మన భుజం కీలు లాంటిదే. మలుపులో పక్కకి, ఎత్తుపల్లాల్లో పైకీ కిందకీ తిరుగుతుంది గానీ ఊడిరాదు. ఇవాళ యూరప్‌లో కార్ల వెనక కనబడే ఆ గుండు వ్యాసం 50 మిల్లీమీటర్లు.

ఇక ముందు బండి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక వోల్ఫ్స్‌బుర్గ్‌లోని ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ బ్రిటిష్ సైన్యం అధీనంలోకి వచ్చింది. లోపల విడిభాగాలు మోయడానికి సరైన బండ్లు లేవు. అందుకని బీటిల్ కారు సామగ్రితోనే ఒక బల్లబండి తయారుచేసుకున్నారు. ముందంతా చదునైన బల్ల, వెనక డ్రైవరు. దాని పేరు ప్లాటెన్‌వాగెన్. డచ్ కార్ల వ్యాపారి బెన్ పోన్ దాన్ని చూసి, 1947 ఏప్రిల్ 23న తన నోటుబుక్కులో డబ్బాలాంటి ఒక బండి బొమ్మ గీశాడు. 1950 మార్చిలో ఆ వ్యాన్ తయారీ మొదలైంది. 1131 సీసీ ఇంజను, 25 హార్స్‌పవర్. చిన్న వ్యాపారులు సరుకు మోసుకోవడానికి పనికొచ్చే బండి అది. ఇప్పుడు స్వేచ్ఛకి గుర్తుగా టీషర్టుల మీద వేసుకుంటున్న ఆ వ్యాన్‌కి పూర్వీకుడు ఫ్యాక్టరీలో బరువులు మోసిన బల్లబండి!

ఈ రెండిటి మధ్యా మూడో బండి ఒకటుంది. దాని గురించి ఎవరూ టీషర్టులు వేసుకోరు. చేత్తో లాగే చెక్కబండి, హాండ్‌వాగెన్. హిట్లర్ మొదలుపెట్టిన యుద్ధం తిరిగొచ్చి సొంతవాళ్ళ మీదే పడ్డప్పుడు, తూర్పు ప్రష్యా, సిలీషియా, సుడేటెన్‌లాండ్ లాంటి చోట్ల నుంచి దాదాపు కోటీ ఇరవై లక్షల మంది జర్మన్లు పారిపోయారు, లేదా వాళ్ళని తరిమేశారు. 1950 నాటికి పశ్చిమ జర్మనీలోనే వాళ్ళు సుమారు ఎనభై లక్షలు. ఆనాటి ఫొటోల్లో పరుపుచుట్టలూ గిన్నెలూ వేసిన చేతిబండ్లు కనిపిస్తాయి. కొన్నిట్లో ఆ మూటల మీద ఒక పిల్లో ముసలమ్మో. ఇల్లంతా వదిలేసి పోయేటప్పుడు ఆ కాస్త బండిలో ఏది వెయ్యాలి, ఏది వదిలెయ్యాలి? నిలబడి ఆలోచించుకునే సమయం చాలామందికి దొరకలేదు. వోల్ఫ్స్‌బుర్గ్‌లో ఆ కొత్త వ్యాన్లు తయారుచేసిన కార్మికుల్లోనూ ఈ శరణార్థులు బోలెడంత మంది.

వ్యాన్ వచ్చిన మరుసటి ఏడు, 1951లో, వెస్ట్‌ఫాలియా దానిలో పెట్టడానికి ‘క్యాంపింగ్ బాక్స్’ తయారుచేసింది. పడుకోవడానికి మెత్తలు, అల్మారా, మడతబల్ల. దీన్ని బయటికి తీసెయ్యొచ్చు కూడా. వారమంతా సరుకు మోసిన బండిని శనివారం ఇల్లు చేసుకుని, సోమవారం మళ్ళీ సరుకు బండి చేసుకోవచ్చు. కాకపోతే ఇంజను వెనకుంటుంది, నడుమ మంచం పరుచుకున్నాక గుడారమో పిల్లల సైకిళ్ళో పెట్టడానికి చోటు మిగలదు. ఆ ఇబ్బందికి మందు కూడా వెస్ట్‌ఫాలియా దగ్గరే ఉంది, ఒక ఇరుసు మీద నడిచే చిన్న ట్రెయిలర్. సరుకు బండి ఇల్లయింది. ఆ ఇల్లు తన వెనక ఇంకో సరుకు బండిని తగిలించుకుంది.

రెండేళ్ళ కిందట మా నాన్న పల్నాడు నుంచి వచ్చినప్పుడు, మేం రెండు కుటుంబాలం క్యాంపర్ వ్యాన్‌తో పాటు ట్రెయిలర్ కూడా అద్దెకి తీసుకున్నాం. బియ్యం బస్తా, కుక్కర్లు, పిల్లల బొమ్మలు, టెంటు, మనవాళ్ళ ప్రయాణం కదా! సర్దడం మొదలుపెట్టగానే నాన్న లేచొచ్చాడు. “బరువులన్నీ ఇరుసు మీదకి రానీండిరా. ఆ పైన రవ్వంత ముందుకి మొగ్గాలి,” అన్నాడు. తర్వాత ట్రెయిలర్ ముక్కు చేత్తో ఎత్తి చూసుకున్నాడు. పత్తి తోలిన రోజుల్లో ఎడ్లబండికీ ఇదే లెక్కట. ముందు బరువు ఎక్కువైతే కాడి కింద ఎద్దుల మెడలు పుండ్లు పడతాయి, వెనక ఎక్కువైతే కాడి లేచి గొంతులు బిగుసుకుంటాయి. జర్మన్లు ఈ ముక్కు మీది బరువుని ‘ష్ట్యుట్స్‌లాస్ట్’ అంటారు. ఆనుడు బరువు అనుకోవచ్చు. అది చాలకపోతే ట్రెయిలర్ పాములా మెలికలు తిరిగి ముందు వ్యాన్‌నే రోడ్డు మీంచి లాగేస్తుంది. నాన్నకి ఆ మాట తెలీదు. ఆయన చేతికి తెలుసు.

2011లో ఫాస్టర్ హంటింగ్టన్ అనే అమెరికన్ న్యూయార్క్‌లో ఉద్యోగం మానేసి, 1987 నాటి ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌లో తిరుగుతూ ‘వాన్‌లైఫ్’ హ్యాష్‌ట్యాగ్‌తో ఫొటోలు పెట్టడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి మనమూ చూస్తూనే ఉన్నాం: తెరిచిన వ్యాన్ తలుపు, తెల్ల దుప్పటి, అవతల సముద్రం. ఆ ఫొటోల్లో వెనక బండి దాదాపుగా కనబడదు. బరువు కనబడితే స్వేచ్ఛ కొంచెం తగ్గినట్టుంటుంది మరి. నాకు మాత్రం ఆ బొమ్మ సగమే అనిపిస్తుంది. 1945లో చేతిబండి పక్కన నడిచిన పదేళ్ళ పిల్లకి 1960లో పాతికేళ్ళు. ఆమె భర్తతో పిల్లలతో ఇటలీకి బయల్దేరేటప్పుడు, అక్కర్లేదని తెలిసీ ఇంకో దుప్పటి, ఇంకో గిన్నె వెనక బండిలో వేసుకుందనుకోండి, దాన్ని అత్యాశ అనగలమా? ఈసారి ఏం వెయ్యాలో నింపాదిగా నిలబడి ఎంచుకునే వీలు ఆమెకి దొరికింది.

వేగపరిమితి లేదని పేరుపడ్డ ఆటోబాన్ మీద కూడా, వెనక ట్రెయిలర్ ఉంటే మామూలుగా గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదు. వ్యాన్ ఎంత కొత్తదైనా, ఇంజనుకి ఎంత సత్తువున్నా సరే, ఎంత వేగంగా వెళ్ళాలో చెప్పేది వెనక బండే.